కళ్ళు మూసుకుంటే సరుకుల చీటీ కనిపిస్తోంది. మీరెలా చేస్తున్నారు?

మియాపూర్_మల్లి · 8 జనవరి, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

వయసు 39. మియాపూర్‌లో ఉంటాం. రాయదుర్గం దగ్గర ఆఫీసు, టెస్టింగ్ లీడ్‌ని. పెద్దవాడు ఎనిమిదో తరగతి, చిన్నది రెండు. అత్తయ్య మాతోనే ఉంటారు, మంచి మనిషి, మోకాళ్ళ నొప్పులు. పొద్దున అయిదున్నరకి లేస్తే మళ్ళీ మంచం చూసేది పదకొండున్నరకి. మధ్యలో ఏం చేశావని అడిగితే చెప్పలేను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పోయిన వారం పెద్దాడు "అమ్మా, నీకు ఏ రంగిష్టం?" అన్నాడు. స్కూల్లో ఏదో రాసుకు రమ్మన్నారట. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. "నీకేది తోస్తే అది రాసుకో నాన్నా" అన్నాను. వాడు నీలం అని రాసుకుని పోయాడు. చిన్న సంగతే. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రోజూ కాసేపు నీతో నువ్వు కూర్చో, లోపలికి చూసుకో అని అందరూ చెప్తారు కదా. కూర్చున్నాను. అయిదు రోజులు, పది నిమిషాల చొప్పున, దేవుడి గది ముందు. కళ్ళు మూసుకోగానే గ్యాస్ బుక్ చెయ్యాలి. స్కూల్ వ్యాన్ డబ్బులివ్వాలి. ఇడ్లీ పిండి అయిపోయింది. నిన్నటి డిఫెక్ట్ ఇంకా క్లోజ్ కాలేదు. లోపల నాకు దొరికింది సరుకుల చీటీ!

నిజంగా తీరికలేనివాళ్ళలో ఎవరైనా ఇది చేస్తుంటే ఎలాగో చెప్పండి. "తెల్లారి నాలుగింటికి లేచి..." అని మొదలుపెట్టేవాళ్ళు మాత్రం వద్దండీ బాబూ.

---

వనస్థలి_వాసు · 9 జనవరి, ఉదయం 6:20

నాలుగింటి సంగతే చెప్పబోతున్నాను, తిట్టుకోకండి.

రెండేళ్ళ క్రితం పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళాను. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అని ఉంది, ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో 1976 నుంచి నడుస్తోంది. వెళ్ళగానే ఫోన్ తీసుకుంటారు. పుస్తకం, పెన్ను కూడా ఉండకూడదు. పక్కవాడితో మాట లేదు, సైగ కూడా లేదు. నాలుగింటికి గంట కొడతారు. రాత్రి అన్నం ఉండదు, కొత్తవాళ్ళకి సాయంత్రం టీ, పళ్ళు. రుసుం ఏమీ లేదు, అంతా అయ్యాక ఇవ్వాలనిపిస్తే ఇస్తాం. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి చూడ్డమే పని.

మీరు చెప్పిన చీటీ నాకూ వచ్చింది. రెండు రోజులు ఆగకుండా వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నానికి చీటీ అయిపోయింది, ఇంక గుర్తు చేసుకోడానికి పని మిగల్లేదు. అప్పుడు తమ్ముడు వచ్చాడు. పొలం గట్టు దగ్గర ఆరేళ్ళ క్రితం వాడు అన్న మాట, నేను అన్న మాట. నేనన్నదే పెద్ద మాటని అప్పటిదాకా నాకు తెలీదు.

వచ్చాక ఆర్నెల్లు రోజూ గంట కూర్చున్నాను. తర్వాత మానేశాను, అబద్ధమెందుకు. తమ్ముడితో మాత్రం మాట్లాడుతున్నాను.

---

అడ్డప్రశ్న · 9 జనవరి, ఉదయం 9:05

వాసు గారూ, పది రోజులు మీరు ముక్కు చూసుకుంటుంటే మీ ఇంట్లో అన్నం ఎవరు వండారు?

మల్లి గారూ, మీకు కావాల్సింది ఆత్మపరిశీలన కాదు, ఇంకో రెండు చేతులు. జనం రోజులో దేనికెంత సమయం పెడుతున్నారో చూడ్డానికి కేంద్ర ప్రభుత్వం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. మగవాళ్ళలో అసలు చెయ్యనివాళ్ళు ఆ 88లో లేరు, గమనించండి. మూడు గంటల ఇరవై నిమిషాల తేడాని కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి సర్దుకోమనడం అన్యాయం. స్పష్టత లేక కాదు మీ బాధ. బరువు ఎక్కువై.

---

మియాపూర్_మల్లి · 9 జనవరి, మధ్యాహ్నం 1:40

అడ్డప్రశ్న గారూ, మా ఆయన చేస్తారండీ. అడిగితే ఏదైనా చేస్తారు. అడగాలని గుర్తుపెట్టుకోవడం నా పని, అంతే.

---

అడ్డప్రశ్న · 9 జనవరి, మధ్యాహ్నం 1:46

ఆ ఆఖరి వాక్యం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. లోపలికి చూడ్డం మీకు అయిపోయింది, అయిదు రోజులు అనవసరంగా కూర్చున్నారు.

---

సైకాలజీ_విద్యార్థి · 9 జనవరి, రాత్రి 10:15

ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. డాక్టర్ని కాను, చదివింది చెప్తాను అక్కా.

చీటీ రావడం మీ తప్పేం కాదు. సగంలో ఆగిన పని మనసుని వదలదు, మర్చిపోతావేమోనని గుర్తు చేస్తూనే ఉంటుంది. దాన్ని తోసెయ్యడం కంటే దాని మాట వినేస్తే త్వరగా ఊరుకుంటుంది. అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో 57 మంది మీద చిన్న ప్రయోగం చేశారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు, సగంమంది ముందు ముందు చెయ్యాల్సిన పనులు రాశారు, మిగతావాళ్ళు అయిపోయిన పనులు రాశారు. చెయ్యాల్సినవి రాసినవాళ్ళకే సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. అందుకని ముందు చీటీ రాసెయ్యండి, కూర్చోవడం ఆ తర్వాత.

ఇంకోటి. రాయడం వేరు, తలుచుకుని తలుచుకుని కుమిలిపోవడం వేరు. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో కాలేజీ పిల్లలతో వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, మనసుని బాగా బాధపెట్టిన సంగతి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళకి తేలిక పడలేదు, ఇంకా దిగులేసింది. కానీ తర్వాత కొన్ని నెలల్లో ఆస్పత్రికి వెళ్ళడం తగ్గింది. అక్కడ గమనించాల్సింది నాలుగు రోజులు, పావుగంట అని హద్దు ఉండడం. హద్దు లేకుండా "నాకే ఎందుకిలా" అని తిప్పి తిప్పి ఆలోచించడం దిగులుజబ్బుని పెంచుతుందని సుసాన్ నోలెన్ హోక్సెమా లాంటి సైకాలజిస్టులు ఏళ్ళ తరబడి చూపించారు. మా క్లాసులో దీన్ని 'రూమినేషన్' అంటారు. నెమరు అన్నమాట.

---

మానేరు_ఒడ్డు · 10 జనవరి, ఉదయం 5:10

నెమరు అన్నరు కాబట్టి నేనొక మాట చెప్త. మాది మానేరు ఒడ్డుకు ఊరు, మూడు బర్లు, ఒక ఆవు.

గొడ్డు నెమరేస్తే మంచిదే తల్లీ. నెమరు ఆగిందంటేనే మాకు భయం, డాక్టర్‌కు ఫోన్ కొడ్తం. రోజుల ఏడెనిమిది గంటలు నెమరేస్తది. కానీ ఎట్లేస్తదో చూసిన్రా? ముద్ద పైకి తెస్తది, నములుతది, మింగుతది. జరసేపు ఆగి ఇంకో ముద్ద తెస్తది. మింగిన ముద్దను మళ్ల తేదు. మనం ఒక్కటే ముద్దను పొద్దుగూకేదాక నోట్ల పెట్టుకుని తిప్పుతం.

గదొక్కటే తేడా. పాలు పిండే టైమైంది, ఉంట.

---

చిట్టా_ఆవర్జా · 10 జనవరి, రాత్రి 9:48

మానేరు అన్న చెప్పినదానికి మించి చెప్పేదేం లేదు గానీ, మింగడం ఎలాగో మా నాన్న దగ్గర చూశాను కాబట్టి రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది.

మాది చీరాల. నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించి, లోపల బల్బు ఒకటి ఉంచి, గల్లాపెట్టె బోర్లించేవాడు. నోట్లు ఒక దొంతి, చిల్లర ఒక గుట్ట. నేను చిల్లర లెక్కపెట్టేవాణ్ణి, ఆయన చిట్టా రాసేవాడు. తెలీనివాళ్ళకి: చిట్టా అంటే ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసే పుస్తకం. అందులోంచి ఎవరి పద్దు వాళ్ళకి విడగొట్టి ఎక్కించేది ఆవర్జా. చిట్టాలో అభిప్రాయాలుండవు. "సుబ్బారావు మళ్ళీ అప్పు పెట్టాడు, సిగ్గులేదు" అని రాయరు. "సుబ్బారావు, కందిపప్పు 2 కేజీలు, అప్పు" అంతే. (పేరు మార్చాన్లెండి.)

అప్పుడప్పుడు లెక్క కలిసేది కాదు. ఒకసారి పన్నెండు రూపాయలు తక్కువొచ్చింది. నేను పదో తరగతి, పట్టుదల ఎక్కువ. మూడుసార్లు కూడాను. పదిన్నరైంది. నాన్న నా చేతిలో పెన్ను తీసుకుని 'తేడా 12' అని రాసి, గీత కొట్టి, పుస్తకం మూసేశాడు. "అదేంటి నాన్నా, తప్పు దొరకలేదుగా" అంటే, "దొరక్కపోతే తేడా అనే రాయాలిరా. రేపు కొట్టు తెరవాలిగా" అన్నాడు. వారం తర్వాత ఆ తేడా దొరికింది. దొరకనివీ చాలా ఉన్నాయి.

నాన్న పోయాక కొట్టు లేదు. నేను ఆడిటర్ దగ్గర పని చేస్తున్నా. మూడేళ్ళ క్రితం బాగా గజిబిజిగా ఉన్న రోజుల్లో, ఊరికే ఒక నోటుబుక్కు తీసి ఆ రోజు చిట్టా రాశాను. డబ్బుది కాదు, రోజుది. జమ: ఆ రోజు నాకు ఏది వచ్చింది. ఖర్చు: నన్ను ఏది తీసుకుంది. తేడా: ఏది కలవట్లేదు. మూడు వరసలు, అయిదు నిమిషాలు. తేడా దొరక్కపోతే దొరకలేదనే రాసి మూసేస్తా. కళ్ళు మూసుకోవడం నాకూ చేతకాదు మల్లి గారూ, నేను ఏదైనా కాగితం మీద పెడితేనే చూడగలను.

---

మదనపల్లె_మాస్టారు · 11 జనవరి, ఉదయం 7:30

చిట్టా గారి నాన్నగారికి నా నమస్కారం.

ఈ రాత్రిలెక్క చాలా పాతది. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ తత్వవేత్త సెనెకా కూడా చేసేవాడు. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, రోజంతా మళ్ళీ తిరగేసి చూసుకునేవాడినని రాసుకున్నాడు. తనకి తాను ఏదీ దాచుకోడు. తప్పు కనిపిస్తే ఇంకోసారి ఇలా చెయ్యకు, ఈసారికి క్షమించాను అనుకుంటాడు. ఆ రెండో ముక్క మనవాళ్ళు మర్చిపోతారు. ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. చిట్టా అనగానే మనలో చాలామంది జడ్జి కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ముప్ఫై రెండేళ్ళు పాఠాలు చెప్పాను, ప్రోగ్రెస్ కార్డు చూసి నేర్చుకున్న పిల్లాణ్ణి నేను చూడలేదు, భయపడ్డవాళ్ళని చూశాను.

మా ఊళ్ళో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు జీవితమంతా ఇదే చెప్పారు: నిన్ను నువ్వు చూసుకో, తీర్పు చెప్పకుండా చూడు. ఇక్కడికి దగ్గర్లో ఆయన పెట్టిన రిషి వ్యాలీ బడి ఉంది. సాయంత్రం పూట పిల్లలు 'అస్తాచల్' అని, ఎత్తయిన చోట కూర్చుని పొద్దు కుంకడం చూస్తారు, మాట్లాడకుండా. అంతే. ఏం నేర్చుకున్నావని తర్వాత పరీక్ష పెట్టరు. అదే నాకు నచ్చేది.

---

చిట్టా_ఆవర్జా · 11 జనవరి, ఉదయం 8:12

ఒప్పుకుంటాను మాస్టారూ. అందుకే 'తప్పు' అనే వరస పెట్టలేదు, 'తేడా' అని పెట్టాను.

---

డాలస్_శీను · 11 జనవరి, ఉదయం 9:30 (మాకు ఇంకా నిన్నటి రాత్రి)

నా వైపు నుంచి ఒక చెడ్డ ఉదాహరణ. రోజూ రాసుకునే యాప్ ఒకటి వేసుకుని 412 రోజులు ఒక్కరోజు తప్పకుండా రాశాను. గొలుసు తెగకూడదని పెళ్ళి రిసెప్షన్‌లో బాత్రూమ్‌లోకి వెళ్ళి రాసిన రోజు కూడా ఉంది. మొన్న మొత్తం తిరిగి చదివాను. "గుడ్ డే. ప్రొడక్టివ్. నీడ్ టు స్లీప్ ఎర్లీ." ఇదే 412 సార్లు! మేనేజర్‌కి పంపే స్టేటస్ రిపోర్ట్ నాకు నేనే పంపుకున్నాను.

తర్వాత కీబోర్డ్ తెలుగుకి మార్చాను. మొదటి రోజు వచ్చిన వాక్యం "పొద్దున్నుంచీ ఒళ్ళు మండుతోంది, ఎవడి మీదో తెలీదు." ఇంగ్లిష్‌లో అది "ఫీలింగ్ ఎ బిట్ ఆఫ్" అయ్యుండేది. మల్లి గారూ, ఆఫీసు భాషలో మాత్రం రాయకండి.

---

నైట్_డ్యూటీ · 12 జనవరి, ఉదయం 8:55

వైజాగ్‌లో స్టాఫ్ నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగాను, తప్పులుంటే క్షమించాలి.

మాకు షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఉంటుంది. ఏ బెడ్ పేషెంట్‌కి ఏం జరిగింది, ఏ మందు ఇచ్చాం, ఏది ఇవ్వాల్సి ఉంది, దేని మీద కన్నేసి ఉంచాలి. ఎంత అలసిపోయినా అది చెప్పకుండా వార్డు వదలం. ఒకరోజు స్కూటీ స్టాండ్ దగ్గర నిలబడి ఉంటే తట్టింది. పేషెంట్లని అప్పజెప్పి వస్తున్నాను, నన్ను ఎవరికి అప్పజెప్తున్నాను? ఇంటికెళ్ళేది నేనే కదా, వెళ్ళి పాపని రెడీ చెయ్యాలి కదా.

అప్పట్నుంచీ స్కూటీ స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు సీటు మీద కూర్చుంటాను, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని. రాత్రి ఏటయింది, ఏది ఇక్కడే వదిలెయ్యాలి, ఏది ఇంటికి పట్టుకెళ్ళాలి. ఒక్కోరోజు వార్డులో ఎవరో పోతారు, ఆ రోజు నాలుగు నిమిషాలు చాలవు. పార్కింగ్ అబ్బాయికి మొదట్లో బండి పాడైందేమో అని అనుమానం. ఇప్పుడు అలవాటైపోయింది, దూరం నుంచే చెయ్యూపుతాడు.

మల్లి అక్కా, మీకు పది నిమిషాలు కొత్తగా దొరకవు. ఒక పని నుంచి ఇంకో పనికి మారే చోట ఎక్కడో ఇప్పటికే ఉండి ఉంటాయి, వెతకండి.

---

మియాపూర్_మల్లి · 12 జనవరి, రాత్రి 11:20

నైట్ డ్యూటీ చెల్లీ, నువ్వు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఉన్నాయి ఆ నిమిషాలు. ఎక్కడున్నాయో తెలిసింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి, తర్వాత చెప్తాను. రేపు ఒక నోటుబుక్కు కొంటున్నాను.

---

మియాపూర్_మల్లి · 2 ఫిబ్రవరి, రాత్రి 10:05

ఇరవై రోజులు రాశాను. రెండు రోజులు ఎగ్గొట్టాను (ఒకరోజు జ్వరం, ఇంకోరోజు బద్ధకం). చెప్తానన్నది చెప్పేస్తాను.

ఆఫీసు నుంచి వచ్చాక కారు మా సెల్లార్‌లో పెట్టి, పైకి వెళ్ళకుండా ఇరవై నిమిషాలు అందులోనే కూర్చుంటాను. ఏడాది పైనే అయింది. ఫోన్‌లో రీల్స్ చూస్తూ. ఇంట్లో అడిగితే ట్రాఫిక్ అంటాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఇన్నాళ్ళూ దాన్ని దొంగతనంలాగే చూశాను, పిల్లల టైమ్ కొట్టేస్తున్నానని. చెల్లి స్కూటీ సీటు సంగతి చదివాక అర్థమైంది, నాది కూడా అదే, మధ్యలో ఫోన్ అడ్డమొచ్చింది. ఇప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టి, బ్యాగు వెనక సీట్లో పడేస్తున్నాను. నోటుబుక్కు డ్యాష్‌బోర్డ్ అరలో ఉంటుంది. మొదటి మూడు రోజులూ చీటీ రాయడానికే సరిపోయింది, సైకాలజీ తమ్ముడు చెప్పినట్టు. వాచ్‌మన్ వాళ్ళ గదిలో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగో రోజు నుంచి చిట్టా.

రెండు మూడు పద్దులు ఉన్నవి ఉన్నట్టు:

"జమ: చిన్నది జడ వేయించుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. ఖర్చు: నిన్న రాత్రి 9:30 కాల్, 55 నిమిషాలు, అందులో నేను మాట్లాడింది రెండు నిమిషాలు. తేడా: పెద్దాడి మీద అరిచాను. వాడు అడిగింది మంచినీళ్ళ సీసా ఎక్కడుందని."

"జమ: ఏమీ లేదు. (కొట్టేసి) అత్తయ్య కాఫీ కలిపి ఇచ్చారు, మోకాళ్ళు పట్టుకుని నిలబడి. ఖర్చు: మామూలే. తేడా: కాఫీ తాగేటప్పుడు ఆవిడ మొహం చూడలేదు."

"జమ: మెట్రోలో వెళ్ళాను, అమీర్‌పేట దాకా కిటికీ దగ్గర నిలబడే చోటు దొరికింది. ఖర్చు: నిన్న రాత్రి కాల్. తేడా: మళ్ళీ పెద్దాడే."

రెండు వారాలయ్యాక వెనక్కి తిప్పి చూస్తే, నేను వాడి మీద అరిచింది ప్రతిసారీ మంగళవారమో గురువారమో. అవి కాల్ ఉన్న రోజులు. వాడు రోజూ ఒకేలా ఉంటాడు, అవే ప్రశ్నలు, అదే నీళ్ళ సీసా. నేనే ఆ రెండు రోజులూ ఏడింటి నుంచే పళ్ళు బిగపట్టుకుని ఉంటాను. ఇన్నేళ్ళూ వాడికి మొండితనం ఎక్కువైందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

ఆ కాల్‌లోకి నన్ను మూడేళ్ళ క్రితం ఒక రిలీజ్ కోసం పిలిచారు. రిలీజ్ అయిపోయింది. నన్ను ఎవరూ తియ్యలేదు, నేనూ అడగలేదు. ధైర్యం చేసి మేనేజర్ని అడిగితే "మీరు ఇంకా వస్తున్నారా దానికి? మానేయండి, అవసరం లేదు" అన్నారు. సంతోషించాలి కదా? లిఫ్ట్‌లో ఏడుపొచ్చింది. మూడేళ్ళు, వారానికి రెండు రాత్రులు. ఎవరికీ అక్కర్లేని చోట కూర్చున్నాను.

అన్నీ సర్దుకున్నాయని కాదు. "ఈ ఉద్యోగం నాకు ఇష్టమేనా" అన్నది తేడా వరసలో ఏడుసార్లు వచ్చింది. దొరకలేదు. చిట్టా గారి నాన్నగారు చెప్పినట్టు తేడా అని రాసి గీత కొడుతున్నాను.

అడ్డప్రశ్న గారూ, ఫ్రిజ్‌కి అంటించలేదు గానీ, మా ఆయనకి సెల్లార్ సంగతి చెప్పాను. ఒక్క క్షణం ఊరుకుని "నేను ఆఫీసు కింద టీ బండి దగ్గర అరగంట నిలబడతాను" అన్నారు. ఆయనదీ ట్రాఫిక్కే! ఇప్పుడు స్కూల్ వ్యాన్, గ్యాస్, పాల లెక్క మొత్తం ఆయన పేరు మీద రాశాం. గుర్తుపెట్టుకోవడంతో సహా. పోయిన వారం గ్యాస్ బుక్ చెయ్యడం మర్చిపోయారు, రెండు రోజులు ఇండక్షన్ మీద వండాం. నేను గుర్తు చెయ్యలేదు. చాలా కష్టమైంది, నిజం చెప్తున్నాను.

---

మానేరు_ఒడ్డు · 3 ఫిబ్రవరి, ఉదయం 5:02

మంచిగ మింగినవ్ తల్లీ. కొడుకును ఒకసారి ఊరికి తోల్కరా, దూడలున్నయి.

---

అడ్డప్రశ్న · 3 ఫిబ్రవరి, ఉదయం 9:40

రెండు రోజులు ఇండక్షన్ మీద వండి కూడా గుర్తు చెయ్యని మీ నిగ్రహానికి, పది రోజులు ముక్కు చూసిన వాసు గారి కంటే ఎక్కువ మార్కులు వేస్తున్నాను.

---

వనస్థలి_వాసు · 3 ఫిబ్రవరి, ఉదయం 9:58

ఒప్పుకుంటున్నాను. ఆ పది రోజులూ మా ఇంట్లో వండింది మా అమ్మ. ఆవిడని నేను ఇంతవరకూ అడగలేదు, ఎలా గడిచిందని.

---

కొత్తగా_చేరాను · 4 ఫిబ్రవరి, రాత్రి 1:15

ఈ చర్చ చదివి నేనూ పది రోజుల నుంచి రాస్తున్నానండి. నాకు మాత్రం తేలిక పడట్లేదు. జమ వరసలో రాయడానికి రోజూ ఏమీ ఉండట్లేదు. తేడా వరస మూడు పేజీలు పోతోంది, రాస్తూ రాస్తూ రెండు మూడవుతోంది, తెల్లారి లేవలేకపోతున్నాను. అన్నం కూడా సహించట్లేదు. నేను తప్పుగా రాస్తున్నానా?

---

సైకాలజీ_విద్యార్థి · 4 ఫిబ్రవరి, ఉదయం 6:40

తప్పుగా రాయడం కాదండి. రాయడం కొన్నాళ్ళు ఆపండి. నిద్ర, తిండి రెండూ పోతున్నాయంటే ఇది నోటుబుక్కుతో తేలే సంగతి కాదు, మనిషితో మాట్లాడాల్సిన సంగతి. 14416 అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్ నంబరు ఉంది, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు ఏం చెప్పాలో తెలీకపోతే ఇక్కడ రాసింది ఉన్నదున్నట్టు చదివి వినిపించండి, చాలు. దగ్గర్లో సైకియాట్రిస్ట్ ఉంటే ఈ వారంలోనే చూపించుకోండి. వెళ్ళాక ఒక్క ముక్క ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాం.

---

నైట్_డ్యూటీ · 4 ఫిబ్రవరి, ఉదయం 9:10

ఈ వారం నాకు నైట్సే. రాత్రి ఒంటిగంటకి మెలకువగా ఉండే మనిషిని నేనున్నాను, మెసేజ్ పెట్టండి. నంబరుకి మాత్రం ముందు చెయ్యండి.

---

కొత్తగా_చేరాను · 5 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

చేశానండి. నలభై నిమిషాలు మాట్లాడారు. సోమవారం డాక్టర్ దగ్గరికి మా అక్క తీసుకెళ్తానంది.

---

మదనపల్లె_మాస్టారు · 5 ఫిబ్రవరి, సాయంత్రం 7:05

చాలా మంచి పని చేశావమ్మా. (లేదా బాబూ. ఎవరైనా సరే.)

---

అడ్డప్రశ్న · 9 ఫిబ్రవరి, రాత్రి 11:31

ఎవరూ నవ్వకండి. మూడు రోజులుగా రాస్తున్నాను. ఆఫీసు కాగితాల వెనక. ఒక కాగితం మా పాప పడవ చేసేసింది, ఆ రోజు లెక్క నీళ్ళలో పోయింది.

చిట్టా గారూ, మీరు ఏ నోటుబుక్కు వాడతారు?

---

చిట్టా_ఆవర్జా · 10 ఫిబ్రవరి, ఉదయం 8:20

స్టేషనరీ కొట్లో సన్నటి రూల్డ్ పుస్తకం అడగండి, నలభై పేజీలది. రెండొందల పేజీలది కొనకండి, చూస్తేనే భయమేస్తుంది. పాపకి కూడా ఒకటి కొనండి, లేకపోతే మీది పడవలైపోతుంది.